విల్‌కీ కమ్‌కీ మధ్య ఒక ఖాళీ సీటు



ఈసారి ఇంగ్లిష్ గురించి రాస్తున్నాను. ఘబ్‌రాయించకండి, గ్రామర్ పుస్తకమంతా తిరగేయను. ఒక్కటంటే ఒక్క విషయమే. ఇంగ్లిష్‌లో విల్, కెన్, మే, షుడ్, మస్ట్ లాంటి మాటలు ఉంటాయి కదా, వీటిని మోడల్స్ అంటారు. వాటి వెనకే అసలు పని చెప్పే మాట వస్తుంది: కమ్, గో, పే, గివ్. ఈ రెంటి మధ్య ఒక చిన్న జాగా ఉంటుంది. బస్సులో ఇద్దరు కూర్చున్నాక మధ్యలో మిగిలిన సీటు లాంటిది. ఆ సీట్లో ఒక చిన్న మాట వచ్చి కూర్చుంటుంది. చూడ్డానికి చిన్నదే. కానీ వాదా అంతా దాని చేతిలోనే ఉంటుంది.

కొన్నేళ్ళుగా అసర్ నమాజ్ తర్వాత మా ఇంటి వసారాలో మొహల్లా ఆడపిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. పిల్లలతో పాటు వాళ్ళ అమ్మీలు కూడా వచ్చి వెనక కూర్చుంటారు. ‘మాకెందుకులే ఆపా, మేం ఊరికే వింటాం’ అంటారు గానీ సవాళ్ళన్నీ వాళ్ళే అడుగుతారు. కొడుకు దుబాయ్ కాయితం, కూతురు కాలేజీ నోటీసు, ఇన్సూరెన్స్ వాళ్ళ చిట్టీ, ఏదో ఒకటి దుపట్టా కొంగులో కట్టుకొచ్చి ‘ఇందులో ఏముందో కొంచెం చూడమ్మా’ అంటారు. ఆ కాయితాలు చదివీ చదివీ నాకొక ఆదత్ పడిపోయింది. విల్, మే, షుడ్ కనబడగానే నా వేలు దాని పక్కకు పోతుంది. మధ్య సీట్లో ఎవరున్నారో ముందు చూస్తాను.

మన ఇళ్ళలో మూడు భాషలు. అమ్మీతో మన ఉర్దూ, బయట వాళ్ళు దక్కనీ అనేది. బజార్లో తెలుగు. బడిలో ఇంగ్లిష్. ఈ మూడూ ఈ సీటు విషయంలో మూడు రకాలుగా నడుస్తాయి.

తెలుగులో ‘రాగలను’ అంటాం. ‘రా’ అనేది పని, ‘గలను’ అనేది తాఖత్. రెండూ అతుక్కుపోయి ఉంటాయి. ‘తప్పకుండా రాగలను’ అనొచ్చు గానీ, ‘రా తప్పకుండా గలను’ అంటే పిల్లలు కూడా నవ్వుతారు. రావచ్చు, రావాలి, రాకూడదు, అన్నీ అంతే. మహా అయితే ఒక చిన్న శబ్దం దూరుతుంది. ‘రానే లేను’ అంటాం. ‘రావచ్చు, రాకపోనూ వచ్చు’ అంటాం. ఆ ఏ, ఆ ఊ తప్ప పూర్తి మాట పట్టేంత జాగా అక్కడ లేదు.

మన ఉర్దూలో అయితే తలుపు ఇంకొంచెం తెరిచి ఉంటుంది. ‘వో ఆ సక్తా’ అంటాం. ‘వో ఆ భీ సక్తా’ అని మధ్యలో భీ పెడతాం. కోపం వస్తే ‘వో ఆ ఇచ్ నై సక్తా’ అంటాం. భీ, ఇచ్, నై, ఇవన్నీ ‘ఆ’కీ ‘సక్తా’కీ మధ్యలోనే కూర్చున్నాయి చూడండి. మనకు తెలియకుండానే నానీ, దాదీల దగ్గర ఈ పద్ధతి నేర్చుకున్నాం. అందుకే మా క్లాసులో పిల్లలకు తెలుగుతో పోల్చి చెబితే బుర్ర గోక్కున్నారు గానీ, ‘ఆ భీ సక్తా’ అని చెప్పగానే పట్టేశారు. ఇంగ్లిష్‌లో వరస తిరగబడుతుంది, అంతే తేడా. మనకు పని ముందు, సక్తా వెనక. వాళ్ళకు కెన్ ముందు, పని వెనక. మధ్యలో సీటు మాత్రం ఇద్దరికీ ఉంది. వాళ్ళ సీటు మరీ పెద్దది, భీ, ఇచ్ లాంటి చిన్నవే కాదు, ప్రాబబ్లీ, సర్టెన్లీ లాంటి పెద్ద శరీరాలు కూడా పడతాయి.

ఇక ఆ సీటు ఎవరిది?

మొట్టమొదటి హక్కు ‘నాట్’ది. మస్ట్ నాట్, షుడ్ నాట్, మే నాట్. కెన్‌తో అయితే ఆ దోస్తీ ఎంత ముదిరిందంటే, రాతలో కూడా కలిపి ఒకే మాటగా ‘కెనాట్’ అని రాస్తారు.

తర్వాత ఎన్నిసార్లు అని చెప్పే మాటలు. ఆల్వేస్, నెవర్, ఆఫెన్, యూజువల్లీ. ‘యూ షుడ్ ఆల్వేస్ లాక్ ద డోర్.’ ‘ఐ విల్ నెవర్ ఫర్గెట్ యూ.’ తర్వాత యకీన్ ఎంతో చెప్పే మాటలు. ప్రాబబ్లీ, సర్టెన్లీ, డెఫినెట్లీ. ‘షి విల్ ప్రాబబ్లీ కమ్.’ తర్వాత ఆల్సో, ఓన్లీ, జస్ట్, ఈవెన్, స్టిల్. ఇవన్నీ ఆ సీటుకు రోజువారీ ప్యాసింజర్లు.

ఎక్కకూడని వాళ్ళూ ఉన్నారు. టుమారో, యెస్టర్‌డే, హియర్, దేర్. ఎప్పుడు, ఎక్కడ అని చెప్పే మాటలు మామూలు మాటల్లో ఆ సీట్లో కూర్చోవు. మనం ‘నేను రేపు వస్తాను’ అంటాం కాబట్టి పిల్లలు ‘ఐ విల్ టుమారో కమ్’ అని రాస్తారు. రేపు చివరకు పోవాలి: ‘ఐ విల్ కమ్ టుమారో.’ వెల్, ఫాస్ట్ లాంటివి కూడా చివరే: ‘షి కెన్ రన్ ఫాస్ట్.’

మోడల్ వెనక ఇంకా రెండు మూడు హెల్పింగ్ వెర్బ్‌లు ఉంటే? ఆల్వేస్ లాంటివి మొదటి దాని పక్కనే కూర్చుంటాయి: ‘షుడ్ ఆల్వేస్ హావ్ బీన్.’ కానీ ఎలా చేయాలో చెప్పే మాట అయితే అసలు పనికి ఆనుకుని కూర్చుంటుంది: ‘ద రైస్ మస్ట్ బి కేర్‌ఫుల్లీ వాష్డ్.’ కడగడం ఎలా అన్నదే కదా దాని సంగతి, అందుకే కడగడం పక్కనే ఉంటుంది.

మొన్న ఒక అమ్మాయి మంచి సవాల్ అడిగింది. ‘ఆపా, ఐ విల్ ప్రాబబ్లీ కమ్ అన్నారు. మరి సినిమాలో ఐ ప్రాబబ్లీ వోంట్ అన్నాడే?’ అని. సహీ పట్టుకుంది. విల్, నాట్ కలిసి ‘వోంట్’ అయిపోతే మధ్యలో సీటు ముందే నిండిపోయింది. అప్పుడు ప్రాబబ్లీ దిగి ముందుకు వచ్చి నిలబడుతుంది. అలాగే జవాబులో అసలు పని వదిలేస్తే కూడా: ‘విల్ యూ కమ్?’ అంటే ‘ఐ ప్రాబబ్లీ విల్.’ వెనక కూర్చునే మనిషే లేనప్పుడు మధ్య సీటు ఎక్కడిది?

మనవాళ్ళు చాలామంది ‘నేను కూడా వస్తాను’ అనడానికి ‘ఐ ఆల్సో విల్ కమ్’ అంటారు. తెలుగులో ‘కూడా’ అనేది ‘నేను’ని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, ఇంగ్లిష్‌లో కూడా ‘ఐ’ పక్కనే ఉంచుతారు. ఇంగ్లిష్ వాళ్ళు మామూలుగా ఆల్సోని మధ్య సీట్లో పెడతారు: ‘ఐ విల్ ఆల్సో కమ్.’ ఓన్లీ సంగతీ అంతే. ‘వందే ఇవ్వగలను’ అన్నప్పుడు మన ‘ఏ’ నూటికి అతుక్కుంది. ఇంగ్లిష్‌లో ‘ఐ కెన్ ఓన్లీ గివ్ హండ్రెడ్ రుపీస్’ అంటారు. ఓన్లీ మధ్య సీట్లో కూర్చునే, కిటికీ నుంచి చెయ్యి చాపి దూరంగా ఉన్న వందను పట్టుకుంటుంది. మాట్లాడేటప్పుడు వంద మీద ఒత్తి పలుకుతారు కాబట్టి వినేవాళ్ళకు తెలిసిపోతుంది. కాయితం మీద ఆ ఒత్తు ఉండదు. అందుకే లెక్కాడొక్కా ఉన్న కాయితాల్లో ఓన్లీని దేనికోసం పెట్టారో దాని పక్కనే ఉంచడం మేలు: ‘ఓన్లీ హండ్రెడ్ రుపీస్.’

ఇంతవరకూ సీటు ఎవరిదో చెప్పాను. అసలు మజా, అసలు ముసీబత్ ఇక్కడి నుంచి. ఒకే మాట సీటు మారితే మతలబ్ మారిపోతుంది.

దావత్‌లో ఎవరో బిర్యానీ మళ్ళీ వడ్డించబోతే ‘ఐ రియల్లీ కాంట్ ఈట్’ అంటే, ఇంక వల్ల కాదు, కసమ్‌గా చెబుతున్నా అని. ‘ఐ కాంట్ రియల్లీ ఈట్’ అంటే, పెద్దగా తినలేను గానీ చూద్దాంలే అన్నట్టు మెత్తగా ఉంటుంది. ఆ రెండో మాట అంటే మీ ప్లేటులో ఇంకో గరిటె పడే తీరుతుంది.

ఇంకొకటి చూడండి. ‘హి షుడ్ క్లియర్లీ ఎక్స్‌ప్లెయిన్’ అంటే, ఆయన వివరంగా, సాఫ్‌గా చెప్పాలి అని. ‘హి క్లియర్లీ షుడ్ ఎక్స్‌ప్లెయిన్’ అంటే, ఆయన సంజాయిషీ ఇచ్చుకోవాల్సిందే, అందులో షక్ లేదు అని. మొదటిది చెప్పే తీరు గురించి. రెండోది మనిషి తప్పు గురించి. క్లియర్లీ అనే మాట షుడ్ దాటి ఒక్క అడుగు ముందుకు వేసింది. అదబ్‌తో అడిగిన మాట కాస్తా తగాదా అయిపోయింది. ఆఫీసుకు అర్జీ రాసేటప్పుడు ఈ ఒక్క అడుగు ఎంత పని చేస్తుందో ఆలోచించండి.

ఇది మన బోటి వాళ్ళకే తక్లీఫ్ అనుకోకండి. అమెరికా సదర్ ప్రమాణం దగ్గరే ఇది జరిగింది. 2009 జనవరి 20న బరాక్ ఒబామా మొదటిసారి ప్రమాణం చేస్తుంటే మన మొహల్లాల్లో కూడా చాలా ఇళ్ళలో టీవీ పెట్టుకుని చూశారు. ఆయన మన మజ్‌హబ్ వాడు కాదు, అయినా ‘బరాక్ హుస్సేన్ ఒబామా’ అని పూర్తి పేరు పలుకుతాడా లేదా అని ఒక ఆసక్తి. పలికాడు. అందరికీ ఆ పేరే గుర్తుండిపోయింది. నాకు మాత్రం ఆ తర్వాత జరిగింది గుర్తు.

వాళ్ళ రాజ్యాంగంలో ప్రమాణం 35 మాటలే. అందులో ‘విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్’ అని ఉంటుంది. ఫెయిత్‌ఫుల్లీ అంటే దియానత్‌తో, అప్పగించిన అమానత్‌ను కాపాడినట్టు. ఆ మాట విల్‌కీ ఎగ్జిక్యూట్‌కీ మధ్య, మన సీట్లోనే ఉంది. ప్రమాణం చేయిస్తున్న చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ చేతిలో కాయితం లేదు. జ్ఞాపకం మీద చెబుతూ ఫెయిత్‌ఫుల్లీని అక్కడి నుంచి తీసి వాక్యం చివర పెట్టేశారు. ఒబామా ఒక్క క్షణం ఆగిపోయాడు. చీఫ్ జస్టిస్ సర్దబోయారు, అది ఇంకా కలగాపులగం అయింది. చివరకు ఒబామా కూడా ఆ మాటను చివరే పలికాడు. కోట్ల మంది చూస్తున్నారు.

మర్నాడు, జనవరి 21 సాయంత్రం, వైట్‌హౌస్‌లోని మ్యాప్ రూమ్‌లో ఆ ప్రమాణాన్ని మళ్ళీ చేయించారు. మొదటిది చెల్లుతుందనే వాళ్ళ వకీల్ అన్నాడు, కానీ రేపెవరూ వేలెత్తి చూపకూడదని ఎహతియాత్‌గా రెండోసారి. ఒక్క అడ్వెర్బ్ సీటు మారినందుకు అగ్రరాజ్యం సదర్ రెండుసార్లు ప్రమాణం చేశాడు.

భాషా శాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ అప్పట్లో న్యూయార్క్ టైమ్స్‌లో దీని మీద రాశాడు. హెల్పింగ్ వెర్బ్‌కీ మెయిన్ వెర్బ్‌కీ మధ్య ఏ మాటా దూరకూడదన్న ఒక పాత పట్టింపు చీఫ్ జస్టిస్ మనసులో పని చేసి ఉంటుందని ఆయన అందాజా. ఆ పట్టింపు నిజంగానే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కొందరు ఉస్తాదులు ‘టు’కీ పనికీ మధ్య మాట పెట్టకూడదని అన్నారు. ఆ భయం పాకి పాకి విల్, కెన్‌ల దాకా వచ్చింది. ఫౌలర్ అనే పెద్దమనిషి 1926లో అచ్చయిన తన ‘మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్’లో ఈ రెండో భయానికి అర్థం లేదని, అడ్వెర్బ్‌కు అక్కడే సహజమైన చోటని చెప్పాడు. అయినా భయం పూర్తిగా పోలేదు. ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగిన వాళ్ళకే ఈ సీటు దగ్గర ఇంత కంగారు ఉంటే, మన పిల్లలు తడబడితే షరమ్ పడాల్సిన పనేముంది? మా క్లాసులో ఈ ఖిస్సా చెప్పినప్పుడు వెనక కూర్చున్న ఒక అమ్మీ ‘అయితే జడ్జి సాబ్‌కూ మన అసర్ క్లాసు కావాలి’ అంది. పిల్లల నవ్వు వీధి చివరి దాకా వినబడింది.

మన దేశంలో రాష్ట్రపతి ప్రమాణం రాజ్యాంగం 60వ ఆర్టికల్‌లో ఉంది. దాని ఇంగ్లిష్‌లోనూ అవే మూడు మాటలు, అదే వరసలో: విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ సాబ్ 1967లో, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సాబ్ 1974లో, అబ్దుల్ కలామ్ సాబ్ 2002లో రాష్ట్రపతులయ్యారు. ముగ్గురూ చేసిన ప్రమాణం ఆ ఆర్టికల్‌దే. మంత్రుల ప్రమాణంలో ఆ సీటు ఇంకా విశాలం. ‘విల్ ఫెయిత్‌ఫుల్లీ అండ్ కాన్షియన్షస్లీ డిశ్చార్జ్’ అని రెండు మాటలు పక్కపక్కనే కూర్చుంటాయి. రహస్యం బయటపెట్టనని చేసే ప్రమాణంలో అయితే ‘విల్ నాట్ డైరెక్ట్లీ ఆర్ ఇన్‌డైరెక్ట్లీ’ అని సీటు కిటకిటలాడిపోతుంది. తెలుగులో ఇదే ప్రమాణం మనం టీవీలో వినే ఉంటాం, ‘శ్రద్ధతో, అంతఃకరణ శుద్ధితో నిర్వహిస్తానని’ అంటారు. ‘నిర్వహిస్తాను’ అతుక్కుపోయిన మాట కాబట్టి శ్రద్ధ, శుద్ధి బయటే, దాని ముందు నిలబడ్డాయి. ఇంగ్లిష్‌లో అవి లోపలే ఉన్నాయి. చేస్తాను అనే మాటకూ చేసే పనికీ నడుమ దియానత్ కూర్చుని ఉంది. ఆ చోటు నాకు చాలా నచ్చుతుంది.

కానీ అందరూ ఆ సీట్లో దియానత్‌నే కూర్చోబెట్టరు.

మా ఆపా కొడుకు ఐటీఐ చేశాడు. ఏసీ మెకానిక్. గల్ఫ్‌లో ఒక కంపెనీ నుంచి రెండేళ్ళ కాంట్రాక్ట్ వచ్చింది. ఇంట్లో ఈద్ చంద్రుడు కనబడినంత ఖుషీ. దుల్హాభాయ్ అప్పటికే ఒక పొలం బేరం మాట్లాడేశాడు, ఏజెంట్‌కు కట్టడానికి. కాయితాలు నా దగ్గరకు తెచ్చాడు భాంజా. ‘ఖాలా, అంతా బాగుంది. తిండి, వసతి కంపెనీదే. తిరుగు టికెట్ కూడా కంపెనీదే. ఒకసారి చూసి సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు’ అన్నాడు.

నా వేలు అలవాటు ప్రకారం విల్ మీదకు పోయింది. ‘ద కంపెనీ విల్ నార్మల్లీ ప్రొవైడ్ ఫుడ్ అండ్ అకామడేషన్.’ ఇంకో చోట ‘రిటర్న్ టికెట్ విల్ యూజువల్లీ బి ఇష్యూడ్.’ కింద పనివాళ్ళ బాధ్యతల దగ్గరకు వస్తే ‘ద ఎంప్లాయీ మస్ట్ ఆల్వేస్’ అని మొదలవుతోంది. ఉద్యోగం మధ్యలో వదిలేస్తే ఖర్చులు ‘మస్ట్ ఇమీడియట్లీ రీపే.’

భాంజాను పక్కన కూర్చోబెట్టి పెన్సిల్ ఇచ్చాను. విల్, మస్ట్ ఉన్న ప్రతిచోటా మధ్య సీట్లో ఉన్న మాట కింద గీత గీయమన్నాను. గీశాడు. తర్వాత గీతలన్నీ వరసగా చదవమన్నాను. కంపెనీ చేయాల్సిన వాటి దగ్గర నార్మల్లీ, యూజువల్లీ. వీడు చేయాల్సిన వాటి దగ్గర ఆల్వేస్, ఇమీడియట్లీ. వాడికి తెలివి తక్కువేం కాదు. రెండోసారి చదివేటప్పటికే గొంతు మారింది. ‘అంటే ఖాలా, వాళ్ళకు మామూలుగా, నాకు ఎప్పుడూనా?’ అన్నాడు.

దుల్హాభాయ్‌కు కోపం వచ్చింది. నా మీదే. ‘విల్ ప్రొవైడ్ అని సాఫ్‌గా రాసుంది కదా! ఒక్క మాట పట్టుకుని పిల్లోడి నసీబ్ చెడగొడతావా?’ అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఇంటికి ఒక ఆసరా దొరుకుతున్నప్పుడు దాని మీద షక్ పెట్టేవాళ్ళు ఎవరికైనా దుష్మన్‌లానే కనబడతారు. నేను ఒక్కటే అడిగాను. ‘భాయ్, మీ పొలం కొనేవాడు, నేను మామూలుగా డబ్బు ఇస్తాను అని రాసిస్తే సంతకం పెడతారా?’ ఆయన జవాబు చెప్పలేదు. ఆపా చాయ్ తెచ్చి మధ్యలో పెట్టింది.

ఆ రాత్రి ఇషా తర్వాత భాంజా తనే ఈమెయిల్ రాశాడు. నేను పక్కన కూర్చున్నానంతే. ‘కుడ్ యూ ప్లీజ్ క్లియర్లీ స్టేట్’ అని మొదలుపెట్టాడు. తిండి, వసతి, టికెట్ ఏ సందర్భంలో ఇవ్వరో చెప్పండి అని అడిగాడు. క్లియర్లీ సరిగ్గా స్టేట్ పక్కన కూర్చుంది. మాటలో గొడవ లేదు, ఇజ్జత్ ఉంది. వాడు మా వసారాలో ఎప్పుడూ కూర్చోలేదు, చెల్లెలి నోట్‌బుక్కులో చూసి నేర్చుకున్నాడట.

పదిహేను రోజులు జవాబు లేదు. ఏజెంట్ ఫోన్ చేసి ఎక్కువ సవాళ్ళు అడిగితే ఇంకొకరికి ఇచ్చేస్తారని అన్నాడు. ఆపా జాయెనమాజ్ మీద నుంచి లేవలేదు. చివరకు జవాబొచ్చింది. వసతి కంపెనీదే అని నార్మల్లీ తీసేసి రాశారు. తిండికి నెలకింత అని లెక్క కట్టి చేర్చారు. టికెట్ దగ్గర మాత్రం యూజువల్లీ అలాగే ఉంచేశారు. అడిగితే అది మా పాలసీ అన్నారు.

భాంజా వెళ్ళాడు. వెళ్ళే ముందు తండ్రితో కూర్చుని లెక్క వేసుకున్నాడు. మొదటి ఆరు నెలల జీతంలో తిరుగు టికెట్ డబ్బు పక్కన పెట్టుకున్నాకే ఇంటికి పంపడం మొదలుపెడతానన్నాడు. దుల్హాభాయ్ పొలం మొత్తం అమ్మకుండా సగమే అమ్మాడు. ఒక్క మాట చదవడం వల్ల ఆ ఇంటికి దక్కింది ఇదీ. ఉద్యోగం పోలేదు, కళ్ళు మూసుకుని పోవడం మాత్రం తప్పింది.

ఇంకో మాట చెప్పకుండా ఈ సంగతి పూర్తి కాదు. ఇంగ్లాండ్‌లో, అమెరికాలో ఉన్న మన బంధువులు ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు వినండి. ‘ఐ విల్ ఇన్‌షాఅల్లాహ్ కాల్ యూ.’ ‘వి విల్ ఇన్‌షాఅల్లాహ్ కమ్ ఫర్ ద షాదీ.’ ఎవరూ నేర్పకుండానే ఇన్‌షాఅల్లాహ్ వెళ్ళి ఆ మధ్య సీట్లోనే కూర్చుంది. ప్రాబబ్లీ, సర్టెన్లీ కూర్చునే చోటు అది. యకీన్ ఎంతో చెప్పే చోటు. సూరా కహ్ఫ్‌లోని 23, 24 ఆయత్‌లు రేపు ఫలానాది చేస్తానని మాట ఇచ్చేటప్పుడు అల్లాహ్ తలిస్తే అన్నది కలపకుండా అనవద్దని చెబుతాయి. ఆ అదబ్ ఇంగ్లిష్‌లోకి పోయినప్పుడు తన చోటు తనే వెతుక్కుంది.

అయితే ఆ సీట్లో కూర్చున్న ఇన్‌షాఅల్లాహ్ ప్రాబబ్లీ అవుతుందా, సర్టెన్లీ అవుతుందా అన్నది పలికే మనిషి మీద ఉంటుంది. మా మొహల్లా దర్జీ రంజాన్ ఇరవయ్యో రోజా నాడు ‘ఈద్‌కు ఇన్‌షాఅల్లాహ్ ఇచ్చేస్తా’ అంటే పిల్లలు పాత బట్టలు ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెడతారు. మా అబ్బా అదే మాట అంటే మేం తలుపు దగ్గర ఇంతెజార్ చేసేవాళ్ళం. ఆయన ఇన్‌షాఅల్లాహ్ అన్నాడంటే తన వైపు నుంచి చేయాల్సిందంతా చేస్తాడు, మిగిలింది అల్లాహ్ చేతిలో పెడతాడు. దర్జీ తన వైపుది కూడా అల్లాహ్ చేతిలోనే పెట్టేస్తాడు. కంపెనీ వాళ్ళ నార్మల్లీకీ దర్జీ ఇన్‌షాఅల్లాహ్‌కూ పెద్ద ఫరక్ నాకు కనబడదు. మాట ఇచ్చినట్టూ ఉండాలి, పట్టుబడకుండానూ ఉండాలి. అబ్బా మాట మాత్రం ప్రమాణంలోని ఫెయిత్‌ఫుల్లీకి దగ్గర.

కాబట్టి మన పిల్లలకు ఇంగ్లిష్ నేర్పేటప్పుడు ఈ సీటును మార్కుల కోసం మాత్రమే నేర్పకండి. రాసేటప్పుడు చోటు తెలిస్తే వాళ్ళ మాట సాఫ్‌గా, అదబ్‌గా ఉంటుంది. చదివేటప్పుడు చోటు తెలిస్తే ఎవరూ వాళ్ళను మోసం చేయలేరని అనను గానీ, మోసం ఎక్కడ కూర్చుని ఉందో వాళ్ళకు కనబడుతుంది.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ఉన్న ఏదైనా ఇంగ్లిష్ కాయితం తీయండి, స్కూల్ ఫీజుల నోటీసో, ఇన్సూరెన్సో, అద్దె అగ్రిమెంటో. పిల్లల చేతికి పెన్సిల్ ఇచ్చి విల్, షల్, మే, మస్ట్ ఎక్కడున్నాయో వెతకమనండి. వాటి పక్క సీట్లో ఎవరైనా కూర్చుని ఉంటే కింద గీత గీయమనండి. తర్వాత మనవైపు బాధ్యతల దగ్గర ఏ మాటలున్నాయి, అవతలి వాళ్ళ వైపు ఏ మాటలున్నాయి అని రెండు వరసలుగా చదివించండి. అమ్మీలు కూడా పక్కన కూర్చోండి. ‘మాకెందుకులే’ అనకండి. ఆ కాయితం మీద సంతకం చివరికి మీ ఇంటిదే.

ఖుదా హాఫిజ్.